సదానందం బిగించిన దుర్బీను

జనగామలో ఒక సర్కారు బడి సైన్సు ల్యాబుకు సదానందం అటెండరు. గాజు సామాను కడిగి బీరువాలో పెట్టడం, స్పిరిట్ దీపాల వత్తులు సరిచేయడం, పిల్లలు పగలగొట్టినవి ఊడ్చి పారేయడం అతని పని. అతను కడిగిన పరీక్షనాళికను వెలుతురుకు పట్టి చూస్తే ఎక్కడా నీటి మరక ఉండేది కాదు. మనిషిని నమ్మడానికి నాకు ఆ ఒక్కటి చాలింది. నాది స్టేషన్ రోడ్డులో వెల్డింగు షాపు. ల్యాబు స్టాండ్ల కాళ్లు ఊడినప్పుడు సైకిలు వెనుక కట్టుకొని తెచ్చేవాడు. అతుకు పెట్టి ఇస్తే, తీసుకుపోయే ముందు వేలితో ఒకసారి తడిమి చూసేవాడు. బాగుందనడు, బాగా లేదనడు. బాగా లేకుంటే అక్కడే నిలబడి ఉంటాడు. నేనే మళ్లీ చేయాలి.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ అని పిల్లలంతా రోడ్డెక్కినప్పుడు అతను పి.యు.సి. చదువుతున్నాడు. లాఠీ దెబ్బకు ఎడమచేతి మణికట్టు విరిగింది. ఎముక వంకరగా అతికి, ఆ చెయ్యి పూర్తిగా తిరగడం మానేసింది. కాలేజీలు మళ్లీ తెరిచేసరికి తండ్రి లేడు. ఇంట్లో తల్లి ఓదెమ్మ, చెల్లె రాజమణి. పత్తి మిల్లులో తల్లి కూలి ఒక్కటే దిక్కు. అటెండరు పని దొరికితే చేరిపోయాడు. పాఠం చెప్పే సార్లకు కటకాలు, అయస్కాంతాలు అందిస్తూ, చెప్పింది వెనుక నిలబడి వింటూ పదేళ్లు గడిపాడు.

రాజమణిని దేవరుప్పుల ఊరి సాంబయ్యకు ఇచ్చారు. రెండెకరాల చెలక, ఒక బర్రె, నోరున్న అత్త. సాంబయ్య మాత్రం మెత్తని మనిషి. డెబ్బై ఎనిమిదిలో హోళీ పున్నమి నాడు రాత్రి చంద్రగ్రహణం పట్టింది. రాజమణికి అప్పుడు రెండో నెల. కడుపుతో ఉన్న ఆడది గ్రహణం విడిచేదాకా కదలకుండా వెల్లకిలా పడుకోవాలని అత్త లోపల పడుకోబెట్టింది. దొడ్లో దూడ పలుపు తెంపుకొని బర్రె పొదుగు కింద దూరిన చప్పుడైంది. పొద్దుటి పాలు పోతాయని రాజమణి లేచి, ఎర్రబారిన ఆ వెన్నెల్లో దూడను లాగి కట్టేసి వచ్చింది. తెగిన పలుపును ముడి వేయడానికి కొస కొడవలితో కోసింది. అత్త చూసింది.

పుట్టిన బిడ్డకు పై పెదవి చీలి ఉంది. అంగిలి కూడా తెరుచుకొని ఉంది. చన్ను పట్టలేకపోయాడు. చెంచాతో పోస్తే పాలు ముక్కులో నుంచి వచ్చేవి. పందొమ్మిది రోజులు బతికాడు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని దవాఖానలో డాక్టరమ్మ చెప్పిందట. ఆమె మాట ఆ గది దాటి బయటికి రాలేదు. ఊరంతా అన్నది కొడవలి మాటే. రాజమణి కూడా దాన్నే నమ్మింది. నెల తిరగకముందే పుట్టింటికి వచ్చి, మళ్లీ పోలేదు. ఎవరి బిడ్డనూ ఎత్తుకునేది కాదు. పక్కింటి పిల్ల ఒళ్లోకి పాకి వస్తే చేతులు వెనక్కి పెట్టుకొని లేచి పోయేది.

ఎనభై జనవరిలో సాంబయ్య వచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, వాళ్లింటి బోరింగు చెయ్యి విరిగితే అతుకు పెడుతున్నాను.

"బావా, ఏడాది దాటె," అన్నాడు సాంబయ్య సదానందంతో. "మా అవ్వ మొగుళ్లపల్లిల ఒక సంబంధం చూసింది. నేను వద్దంటున్న. ఉగాదిదాంక ఆగుమన్న. ఆమె వస్తే ఇయ్యాల్నే తోలుకపోత."

లోపలి నుంచి రాజమణి గొంతు వచ్చింది. "నేను రాను. మళ్ల గట్లనే పుడితే?"

"గట్ల పుట్టదు."

"నీకేం ఎరుక?"

సాంబయ్య చాయ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి పోయాడు. సదానందం గడప మీద కూర్చున్నాడు.

"ఉగాదికి ఎన్ని దినాలున్నయి అన్నా?" అని అడిగాడు నన్ను.

"రెండు నెలలు."

"నడిమిట్ల సూర్యగ్రహణం ఉన్నది. శివరాత్రి అయినంక రెండొద్దులకు. దాదాపు మొత్తం పడుతదట మన దిక్కు." గడప మీది నుంచి లేచాడు. "చెల్లెకు ఒక్కసారి చూపియ్యాలె. కండ్లతోని చూస్తే ఇంక నేను చెప్పే పనుండది."

బడి ల్యాబులో ఒక చెక్కపెట్టె ఉండేది. దాంట్లో దుర్బీను ఉందని అందరికీ తెలుసు. వచ్చి నాలుగేళ్లయినా ఎవరూ విప్పలేదు. విప్పినవాడి చేతిలో పగిలితే వాడిదే బాధ్యత. సైన్సు చెప్పే విద్యాసాగర్ సారు ఆకాశం గురించి గంటసేపు గుక్క తిప్పుకోకుండా చెప్పగలడు. పెట్టె మేకు మాత్రం పీకడు. సదానందం అడిగితే నవ్వాడు.

"సుక్కలు చూస్తే నీ జీతం పెరుగుతదా సదానందం?"

"పెరగది సార్. విప్పుతనంటున్న, గంతే."

"విప్పు. నన్ను అడిగినవని మాత్రం ఎవరికీ చెప్పకు."

శనివారం బడి వదిలాక ఇద్దరం పెట్టె తెరిచాము. గజం పైన పొడుగున్న తెల్ల గొట్టం, మూడు కర్ర కాళ్లు, గుడ్డ సంచిలో మూడు కంటి కటకాలు, పొట్లంలో మరలు. వాడకం చెప్పే కాగితం ఇంగ్లీషులో ఉంది. అది మాకు సగమే అర్థమైంది. బొమ్మలు మాత్రం బాగున్నాయి. పని తెలిసినవాడే గీసిన బొమ్మలు.

మొదటి తప్పు కాళ్ల దగ్గరే చేశాము. మూడూ సమానంగా సాగదీసి నిలబెట్టాము. బడి ముందు నేల వాలుగా ఉంది, గొట్టం తిప్పితే ఒక పక్కకు జారుతోంది. సదానందం మేస్త్రి దగ్గర తూకం గుండు తెచ్చి కాళ్ల మధ్య వేలాడదీశాడు. పైన పళ్లెం మీద నిండా నీళ్లున్న గ్లాసు పెట్టి, ఒక్కొక్క కాలు వేలెడంత తగ్గిస్తూ పెంచుతూ, నీళ్లు అంచు చుట్టూ సమంగా నిలిచేదాకా ఆగాడు. గంట పట్టింది. అప్పుడు గొట్టం ఎక్కడ వదిలితే అక్కడే నిలిచింది.

రెండోది ఇంకా పెద్దది. రైలు పట్టాల దిక్కు తిప్పి చూస్తే సిగ్నలు స్తంభం తలకిందులుగా వేలాడుతోంది. కటకం తిరగేసి బిగించి ఉంటారనుకున్నాడు. ముందరి కటకం మరలు విప్పి, తీసి, తిప్పి పెట్టాడు. సిగ్నలు తలకిందులుగానే ఉంది, పైగా అలుక్కుపోయింది. మళ్లీ విప్పాడు. ఆ రాత్రి నిద్ర పోలేదట. పొద్దున బీరువాలోంచి భూతద్దం తీసి గోడ ముందు పట్టుకున్నాడు. కిటికీ బొమ్మ గోడ మీద తలకిందులుగా పడింది. ప్రతి ఏడాది పిల్లలకు తనే అందించే భూతద్దం అది. కటకాన్ని మొదట ఉన్నట్టే పెట్టి బిగించి, నా షాపుకు వచ్చి చెప్పాడు.

"తప్పు దాంట్ల లేదన్నా. నాల ఉన్నది."

పెద్ద గొట్టం వీపు మీద ఒక చిన్న గొట్టం ఉంటుంది. పెద్దదాంట్లో ఆకాశం రవ్వంతే కనిపిస్తుంది, దాంతో వెతికితే ఏదీ దొరకదు. చిన్నదాంట్లో వెతికి పట్టుకోవాలి. రెండూ ఒకే చోటికి చూసేటట్టు మూడు మరలతో కుదర్చాలి. ఒకటి వదిలితేనే ఇంకొకటి బిగుస్తుంది. సదానందానికి ఎడమ చెయ్యి తిరగదు కనుక వదిలేది నేను, బిగించేది అతను. ముందు బడి వెనుక నీళ్ల ట్యాంకు మీద కుదిర్చాము. చిన్నదాంట్లో ట్యాంకు మూత, పెద్దదాంట్లోనూ అదే మూత. సంబరపడ్డాము. సాయంత్రం చంద్రుడి మీదికి తిప్పితే చిన్నదాంట్లో ఉన్నాడు, పెద్దదాంట్లో లేడు. రెండు గొట్టాల మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంది. దగ్గరి వస్తువు మీద కుదిరిస్తే ఆ నాలుగు వేళ్లు లెక్కలోకి వస్తాయి, దూరం పోయేకొద్దీ చూపులు విడిపోతాయి. మర్నాడు మైళ్ల అవతల గుట్ట మీది ఒంటి బండ మీద మళ్లీ కుదిర్చాము. ఆ రాత్రి చంద్రుడు దొరికాడు. సదానందం చూసి, పక్కకు జరిగి నాకు చూపించాడు.

సూర్యుడిది వేరే పని. కన్ను పెడితే కన్ను పోతుందని కాగితంలో పుర్రె బొమ్మ వేసి మరీ ఉంది. చిన్న గొట్టానికి మూత పెట్టి గుడ్డ చుట్టాడు. గొట్టం నీడను నేల మీద చూస్తూ తిప్పాలి. నీడ పొడుగు తగ్గి తగ్గి గుండ్రటి బిళ్లంత అయినప్పుడు గొట్టం సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టు. కంటి కటకం వెనుక జానెడు దూరంలో తెల్ల కాగితం పెడితే దాని మీద సూర్యుడు పడతాడు. కాగితం కదలకుండా నేనొక ఇనుప చట్రం చేసి ఇచ్చాను. వారం రోజులు మధ్యాహ్నం పూట అదే పని చేశాడు. రెండు నిమిషాలకు సూర్యుడు కాగితం మీది నుంచి జారిపోతాడు. జారకముందే వేలితో గొట్టాన్ని రవ్వంత నెట్టాలి. చివరికి మాట్లాడుకుంటూ కూడా నెట్టగలిగేవాడు.

శుక్రవారం సాయంత్రం దుర్బీనును ఇంటికి తెచ్చాము. శనివారం, గ్రహణం రోజు, ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. అంగళ్లు మూతపడ్డాయి. బస్సుల్లో మనుషుల్లేరు. ఓదెమ్మ పొద్దున్నుంచీ హడావుడిగా ఉంది. కిటికీలకు గోనెపట్టాలు కట్టింది, పొయ్యి ఆర్పింది, తొక్కు జాడీల్లో, బియ్యం కుండలో, నీళ్ల బిందెల్లో గరిక పోచలు వేసింది. మేమిద్దరం వాకిట్లో కాళ్లు నిలబెట్టి తూకం చూస్తున్నాము. గొట్టం అరుగు మీద చాప పరిచి పెట్టి ఉంది. కంటి కటకాలు సదానందం జేబులో ఉన్నాయి.

"బిడ్డా, నీకన్న బుద్ధుండాలె," అంది ఓదెమ్మ నన్ను చూసి. "వాడంటే పెండ్లి పెటాకులు లేనోడు. నీకు పెండ్లాం పిల్లలున్నరు. ఏమన్నయితే?"

"ఏం కాదవ్వా. మేం మీదికి చూడం, కింది కాయితం చూస్తం."

"కింద చూస్తె మాత్రం? దాని కడుపు కాల, నా ఇంట్లకే రావాల్నా ఇది?"

రెండున్నర దాటాక పట్టింది. గొట్టం ఎక్కించి, కంటి కటకం దూర్చి, నీడ చూసుకుంటూ తిప్పాడు. సూర్యుడు కాగితం మీద రూపాయి బిళ్లకు నాలుగింతలు తెల్లగా పడ్డాడు. అంచున ఒక నొక్కు. చూస్తుండగానే నొక్కు పెరిగింది. అంత నున్నగా, అంత సరిగ్గా గీసినట్టున్న గీతను నేను ఏ పరికరంతోనూ కోయలేదు. సగం అయ్యేదాకా సదానందం ఆగాడు. అప్పుడు తలుపు దగ్గరికి పోయి పిలిచాడు.

"రాజమణీ, ఒక్కసారి రా."

"వద్దన్నా."

"నీ కడుపుల ఏం లేదు గద. నీకేం కాదు. జర వచ్చి చూడు. నేను పక్కన్నే ఉంట."

లోపల ఓదెమ్మ తిడుతోంది. గొళ్లెం తీసిన చప్పుడైంది. రాజమణి నెత్తి మీద కొంగు కళ్ల దాకా లాక్కొని, నేల చూస్తూ వచ్చింది. వెలుతురు అప్పటికే పాడుబడ్డట్టు తగ్గింది. ఎండ ఉంది, వేడి లేదు.

కాగితం మీద చూసింది. చాలాసేపు చూసింది.

"గిదేనా?"

"గిదే. సూర్యునికి చంద్రుడు అడ్డమొచ్చిండు. నీ ముందరికెల్లి నేను నడిస్తే దీపం కనపడది సూడు, గట్ల. ఇంకో గంటకు పక్కకు పోతడు."

"ఆ రాత్రి గూడ గిట్లనేనా?"

"ఆ రాత్రి మన భూమి నీడ చంద్రుని మీద పడ్డది. నీడనే. నువ్వు దూడను కట్టేసినా, కట్టెయ్యకపోయినా, అది పడేదే, పొయ్యేదే."

రాజమణి చెయ్యి ముందుకు చాపింది. కాగితానికి ముందు అరచెయ్యి పెట్టింది. కొరికిన సూర్యుడు ఆమె అరచేతిలో పడ్డాడు. వేళ్లు కొద్దిగా ముడిచి, మళ్లీ చాపింది. కొంగు జారిపోతే సర్దుకోలేదు. పుట్టింటికి వచ్చేశాక ఆమె ముఖం సరిగ్గా చూసింది నేను అప్పుడే.

"వెచ్చగున్నది," అంది.

సూర్యుడు అరచేతి అంచుకు జారుతున్నాడు. సదానందం గొట్టాన్ని వేలితో కిందికి నెట్టాడు. పొద్దు వాలుతున్నకొద్దీ వంచుతూ రావాలి. ఆ నెట్టుడుకు లోపల ఏదో జారింది. ఆమె అరచేతిలోని సూర్యుడి మీదికి పక్క నుంచి ఒక నల్లని గీత వచ్చింది. సన్నగా, పొడుగ్గా. వచ్చి ఆగలేదు. కొస పైకి లేచింది, మెలి తిరిగింది, చుట్టుకుంది.

రాజమణి చెయ్యి వెనక్కి గుంజుకుంది. కాటు పడ్డ మనిషి అట్లా గుంజుకుంటుంది. ఆ గీత ఇప్పుడు కాగితం మీద, మిగిలిన సూర్యుడి నడుమ కదులుతోంది.

"పాము," అంది. గట్టిగా అనలేదు. "మింగుతున్నదన్నా."

"కాదు, ఆగు. లోపల ఏందో పడ్డది. జర ఆగు."

ఆమె ఆగలేదు. తలుపు మూసుకుంది. గొళ్లెం పడింది.

సదానందం కంటి కటకం లాగాడు. కమిరిన వాసన వచ్చింది. గొట్టం మెడలో వేళ్లు పెట్టి ఒక గరిక పోచను తీశాడు. సగం పచ్చగా, సగం కాలి నల్లగా ముడుచుకొని ఉంది. కటకం వెనుక సూర్యుడి వేడంతా ఒక్క చోట పడుతుంది. దాంట్లో చిక్కిన పోచ కాలుతూ మెలికలు తిరిగింది. పరీక్షనాళికలో మరక కూడా వదలని మనిషి, ఇంట్లో ఉన్న సామానే కదా అని కటకం పెట్టేముందు ఒక్కసారి లోపలికి చూడలేదు. ఆ పూట అతను ఆ పని చేసి ఉండాల్సింది. నేను కూడా చూడలేదు.

గ్రహణం విడిచి, ఓదెమ్మ స్నానం చేసి వచ్చేదాకా వాకిట్లోనే కూర్చున్నాము. సదానందం పోచను అరచేతిలో పెట్టుకొని లోపలికి పోయాడు.

"అవ్వా, గిది నువ్వే పెట్టినవు గద గొట్టంల?"

ఓదెమ్మ పోచను చూసింది, కొడుకు ముఖం చూసింది, వాకిట్లో నిలబడి ఉన్న తెల్ల గొట్టాన్ని చూసింది.

"నేనెందుకు పెడ్త?"

"కుండలల్ల పెట్టినవు. దీంట్ల గూడ పెట్టినవు. నేనేం అన. చెల్లెకు ఒక్క మాట చెప్పు, నేనే పెట్టిన అని."

"సర్కారు సామాను నేనెందుకు ముట్టుకుంట? నేను ముట్టలే. ఒట్టు."

ఆమె భయం ఏమిటో నాకు తెలుస్తూనే ఉంది. సామాను చెడిపోయిందనుకుంది, దాంతో కొడుకు నౌకరి పోతుందనుకుంది. ఎంత చెప్పినా ఆ ఒట్టు మీదే నిలబడింది. గోడకు ఆనుకొని కూర్చున్న రాజమణి రెండు మాటలూ విన్నది. సదానందం పోచను ఆమె ముందు పెట్టి, కాలితే ఎట్లా ముడుచుకుంటుందో ఇంకో పోచను దీపం మీద పట్టి చూపించాడు.

"గరికనే కావచ్చు," అంది రాజమణి. "అవ్వ పెట్టలేదంటున్నది. నువ్వు పెట్టలే. నేను చెయ్యి పెట్టినప్పుడే ఎందుకొచ్చింది మరి?"

"నేను గొట్టం వంచిన. జారింది."

"నువ్వు నా మంచికే చెప్తున్నవన్నా. తెలుస్తలేదా నాకు?"

సోమవారం దుర్బీను బడికి పోయింది. ఏ భాగమూ చెడలేదు. విద్యాసాగర్ సారు గ్రహణం గురించి పిల్లలకు గంటసేపు చెప్పాడని విన్నాను.

ఉగాదికి పది రోజుల ముందు సాంబయ్య వచ్చాడు. మధ్యాహ్నం బస్సుకు వచ్చి, చివరి బస్సు దాకా కూర్చున్నాడు. రాజమణి లోపలి నుంచి రాలేదు. సదానందం అతన్ని బస్సు ఎక్కించి, అటు నుంచి నా షాపుకు వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. నేను అప్పుడు ఒక బండి ఇరుసు అతుకుతున్నాను. పని అయ్యేదాకా కూర్చొని, లేచి పోయాడు. ఆ వేసవిలో మొగుళ్లపల్లి పిల్లతో సాంబయ్య పెళ్లి అయిపోయింది.

తర్వాత కూడా ప్రతి చలికాలం సదానందం బడి ముందు దుర్బీను నిలబెట్టేవాడు. పిల్లలు బారు కట్టి చంద్రుణ్ని చూసేవారు. తూకం గుండు, నీళ్ల గ్లాసు, గుట్ట మీది బండ, అన్నీ అదే వరుసలో. రాజమణి పత్తి మిల్లులో పనికి పోయేది, వచ్చేది. ఏ పున్నమికీ తల ఎత్తేది కాదు.

ఎనభై ఏడు వానాకాలంలో ఓదెమ్మ మంచం పట్టింది. ఒక సాయంత్రం రాజమణి జావ తాగిస్తుంటే ఆమె చెయ్యి పట్టుకొని చెప్పిందట. "ఆ దినం గరిక నేనే పెట్టిన బిడ్డా. వాని సామానుకు ఏం గావద్దని పెట్టిన. నౌకరి పోతదని దాచిన." సదానందం గడపలో నిలబడి విన్నాడు. అతను చెప్పగా నాకు తెలిసింది.

రాజమణి చెంచా గిన్నెలో పెట్టింది.

"దేవరుప్పులల ఆయన పెద్ద పిలగాడు బడికి పోతున్నడట అవ్వా," అంది. "ఇగ ఊకో."

తల్లి మూతి కొంగుతో తుడిచి, గిన్నె కడగడానికి బయటికి పోయింది.